కత్తి దిగిన వైపు

సత్యం చేతికి ఏ కాగితం ఇచ్చినా ముందు చదవడు. అంచు వెంట బొటనవేలు నడిపి చూస్తాడు. పదహారో ఏట అమలాపురంలో అమ్మిరాజుగారి ప్రెస్సులో కటింగ్ మిషను దగ్గర చేరినప్పటి అలవాటు అది. శుభలేఖలు, సినిమా కరపత్రాలు, రసీదు పుస్తకాలు, ఏవైనా సరే బొత్తులుగా పేర్చి కత్తి కిందకి తోయడం అతని పని. కత్తి పైనుంచి దిగుతుంది కదా, దిగిన వైపు అంచు నున్నగా ఉంటుంది. అడుగు వైపు మాత్రం, ఎంత పదునైన కత్తయినా, సన్నటి గరుకు మిగులుతుంది. అది కంటికి కనపడదు, వేలికి తెలుస్తుంది. ఏడేళ్ళు తిరిగేసరికి సత్యం కళ్ళు మూసుకుని కార్డు పట్టుకుని, బొమ్మ పైకి పెట్టి కోశారో కిందకి పెట్టి కోశారో చెప్పేసేవాడు.

ముక్తేశ్వరంలో వాళ్ళది రెండు గదుల పెంకుటిల్లు. తండ్రి లేడు. తల్లి బుల్లెమ్మ పెళ్ళిళ్ళకీ, సమర్తలకీ వంటలకి వెళ్ళేది. ఏ ఇంటికి వెళ్ళినా సరుకుల గది తాళం బుల్లెమ్మ బొడ్లోనే ఉండేది. ఆమె చేతిలో తాళం ఉంటే ఇంటివాళ్ళు నిశ్చింతగా పీటల మీద కూర్చునేవారు.

1996లో మాణిక్యాలరావు అనే ఆయన మేనకోడలి శుభలేఖలు వేయించడానికి ప్రెస్సుకి వచ్చాడు. ఊరు కొత్తపేట. మలేషియాలో జోహోరు దగ్గర పెద్ద అచ్చు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. సత్యం పని చేస్తుంటే కాసేపు నిలబడి చూశాడు.

"నీ చేతులు ఇక్కడ పాడైపోతన్నాయయ్యా. మా దగ్గరికొచ్చెయ్యి. నేనున్నాను కదా, అన్నీ చూసుకుంటాను" అన్నాడు.

చూసుకున్నాడు కూడా. నాలుగు నెలల్లో వీసా వచ్చింది. జోహోరులో సత్యానికి మలాయ్ రాదు, ఇంగ్లీషు రాదు. మేనేజరు అన్నది మాణిక్యాలరావు తెలుగులో చెప్పేవాడు. సత్యం అన్నది ఆయనే ఇంగ్లీషులో మేనేజరుకి చెప్పేవాడు. రెండేళ్ళపాటు సత్యానికి ఆ దేశంలో నోరూ చెవీ ఆయనే.

ఆ ఫ్యాక్టరీలో రకరకాల పేకలు అచ్చయ్యేవి. అన్నిటికన్నా కాపలా ఎక్కువుండేది 'క్రౌన్స్' అనే ఆట కార్డులకి. మన పేకలా అందరికీ ఒకే కట్ట కాదు. ఎవరి కట్ట వాళ్ళు కొనుక్కున్న కార్డుల్లోంచి ఏరి కూర్చుకోవాలి. రాజులు, మృగాలు, కోటలు, శాపాలు, ఒక్కో కార్డుకి ఒక్కో శక్తి. కొన్ని కార్డులు దుకాణాల్లో వందల కొద్దీ దొరుకుతాయి, కొన్ని దొరకవు. అలా దొరకనివాటిలో పెద్దది 'నీలి రాజు'. ఫ్యాక్టరీలోనే సత్యం ఆట నేర్చుకున్నాడు. కొత్త సంవత్సరానికి కంపెనీ పనివాళ్ళందరికీ ఒక్కో పెట్టె ఇచ్చింది. హాస్టల్లో ఆదివారాలు దానితోనే గడిచేవి. ఇంగ్లీషు చదవలేకపోయినా బొమ్మలు గుర్తుపెట్టుకుని ఆడేవాడు.

1998 మార్చిలో నీలి రాజు అచ్చు మీద గొడవ వచ్చింది. ప్లేటు మీద ఎక్కడో గీత పడింది. రాజు కప్పుకున్న దుప్పటి కుడి అంచున వెంట్రుకంత తెల్లటి గీత. ఆ ప్లేటుతో అచ్చయిన లాటంతా ముక్కలు చేసెయ్యమని పైనుంచి ఆర్డరు వచ్చింది. ముక్కలు చేయించి రిజిస్టరులో సంతకం పెట్టే పని మాణిక్యాలరావుది. ఆ మధ్యాహ్నమే ఆయన సత్యం దగ్గరికి వచ్చాడు.

"నీ లాకరు తాళం ఓసారి ఇయ్యవయ్యా. గొడుగు పెట్టుకుంటాను."

"ఆయ్, తీసుకోండి" అని సత్యం తాళం ఇచ్చేశాడు.

లెక్క చూస్తే, ఇంకా కార్డులుగా కోయని షీట్లు నాలుగు తక్కువ వచ్చాయి. షిఫ్టు దిగేవేళ లాకర్లన్నీ తెరిపించారు. సత్యం తువ్వాలు కింద మడతపెట్టిన షీటు ఒకటి దొరికింది. మేనేజరు గదిలో నిలబెట్టారు. మేనేజరు ఏదో అడుగుతున్నాడు. సత్యం పక్కకి తిరిగాడు.

"నాకేం తెలీదని చెప్పండి మాణిక్యాలరావుగారూ. తాళం మీకిచ్చేనని చెప్పండి" అన్నాడు.

"అదే చెప్తన్నాను. నువ్వు కంగారుపడకు. ఆయన నీ వంక చూసినప్పుడల్లా తలూపు, చాలు."

సత్యం తలూపాడు. మూడుసార్లు ఊపాడు. కాగితం ముందు పెడితే సంతకం పెట్టాడు. కేసు లేకుండా పంపించెయ్యడమే గొప్ప దయ అని చెప్పి, నాలుగో రోజున విమానం ఎక్కించారు. ఎయిర్‌పోర్టు దాకా మాణిక్యాలరావే వచ్చి, భుజం తట్టి పంపించాడు.

సంతకం పెట్టిన కాగితం నకలు సత్యం సంచిలో ఉంది. అందులో ఏముందో అతనికి తెలిసింది అమలాపురంలో, పాత ఉద్యోగం కోసం అమ్మిరాజుగారి దగ్గరికి వెళ్ళినప్పుడు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మెల్లగా చదివి, మడిచి బల్ల మీద పెట్టాడు.

"షీట్లు నువ్వే తీశానని ఒప్పుకున్నట్టుందయ్యా ఇందులో. ఒకటి దాచేనని, మిగతా మూడూ భయమేసి కాల్చేసేనని రాసుంది. ఆ బూడిద తాను కళ్ళారా చూసేనని మాణిక్యాలరావు సాక్షి సంతకం పెట్టేడు."

"నేను ఒప్పుకోలేదండి. తలూపేనంతే."

అమ్మిరాజుగారు కాగితాన్ని అతని వైపు జరిపి, "నేను నమ్ముతానయ్యా సత్యం. కానీ మనం పరీక్ష పేపర్లు కూడా అచ్చేస్తాం కదా. ఈ సంగతి బయట తెలిస్తే నాకు పనివ్వరు" అన్నాడు.

సంగతి అప్పటికే తెలిసిపోయింది. కొత్తపేట నుంచి ముక్తేశ్వరానికి మాట రావడానికి ఎంతసేపు! బుల్లెమ్మని వంటలకి పిలవడం మానలేదు కానీ, సరుకుల గది తాళం ఇంటివాళ్ళే ఉంచుకోవడం మొదలుపెట్టారు. "మీకెందుకు పిన్నిగారూ శ్రమ, మేం తీసిస్తాం కదండీ" అనేవారు. ఆ మర్యాదే బుల్లెమ్మని కోసేసింది. అలా మూడో పెళ్ళి వంట నుంచి వచ్చి గరిటెలు అటక మీద పడేసింది. మళ్ళీ దించలేదు.

సత్యం అల్లవరంలో రొయ్యల చెరువుల మీద మేత జల్లే పనికి కుదిరాడు. రెండేళ్ళు అదే పని. తెప్ప మీద ఒంటరిగా తిరుగుతూ తను మూడుసార్లు తలూపిన సంగతే తలుచుకునేవాడు. దొంగతనం అంటగట్టినందుకు కాదు, తన తల తనచేతే ఊపించినందుకు మాణిక్యాలరావుని క్షమించలేకపోయాడు. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో వేసి, సూట్‌కేసు అడుగున అతికించాడు. ఏజెంటు ద్వారా 2000లో షార్జాలో ఒక ప్రెస్సుకి వెళ్ళినప్పుడు ఆ సూట్‌కేసే పట్టుకెళ్ళాడు.

షార్జాలో మొదట చేసిన పని ఇంగ్లీషు నేర్చుకోవడం. ఇంకెవరూ తన బదులు మాట్లాడకూడదు. పుస్తకాలు కొరుకుడు పడలేదు. దుబాయిలో ఒక బొమ్మల దుకాణంలో శుక్రవారాలు క్రౌన్స్ ఆడతారని తెలిసి అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టాడు. కార్డు మీద ఉన్న రెండు మూడు వాక్యాలు అర్థమైతేనే ఆట సాగుతుంది. ఎదుటివాడు ఫిలిప్పీన్సు నర్సు కావచ్చు, కేరళ అకౌంటెంటు కావచ్చు, మాట్లాడితేనే ఆట. ఏడాది తిరిగేసరికి సత్యం వాళ్ళతో నియమాల మీద ఇంగ్లీషులో పోట్లాడేవాడు.

2002లో ఆ దుకాణంలో ఒక పత్రిక తిరగేస్తుంటే మాణిక్యాలరావు ఫోటో కనిపించింది. జుట్టుకి రంగేసుకున్నాడు. ఫ్యాక్టరీ మానేసి కౌలాలంపూరులో కార్డుల దుకాణం పెట్టాడట. ఆసియా పోటీల్లో మూడో స్థానం. అందరూ కార్డులకి ప్లాస్టిక్ తొడుగులు వేసుకుంటే మీరెందుకు వేసుకోరని అడిగారు. 'పాడైతే కొత్త నీలి రాజు తీస్తాను, నా దగ్గర కొదవలేదు' అన్నాడు.

సత్యం ఆ వాక్యాన్ని పదిసార్లు చదివాడు. ప్రపంచంలో ఎవరి దగ్గరా లేనన్ని కొత్త నీలి రాజులు ఈయన దగ్గర ఎక్కడివి? బూడిదైపోయాయని రాసిచ్చిన మూడు షీట్లు కళ్ళ ముందు కదిలాయి. కంపెనీకి ఉత్తరం రాద్దామనుకున్నాడు. దొంగ అని ముద్రపడినవాడి ఉత్తరం ఎవరు చదువుతారు? ఆ కార్డులు తన వేలికి తగలాలి, నలుగురి మధ్యలో తగలాలి. అందుకు ఒకటే దారి. క్రౌన్స్ పోటీలో ఆట మొదలయ్యే ముందు ఎవరి కట్ట వాళ్ళు కలిపి, ఎదుటివాడి చేతికి ఇచ్చి పేకలోలాగే కోయించాలి. అది నియమం. మాణిక్యాలరావు తన కట్టని తన చేత్తో సత్యానికి ఇవ్వాలంటే, సత్యం అతని ఎదురుగా కూర్చునేంత ఆటగాడు కావాలి.

రెండేళ్ళు పట్టింది. 2003లో గల్ఫ్ పోటీలో ఓడిపోయాడు. 2004లో గెలిచాడు. ఆసియా పోటీకి బ్యాంకాక్ టికెట్టు నిర్వాహకులే ఇచ్చారు. బయల్దేరే ముందు ఇంటికి ఫోను చేసి చెబితే బుల్లెమ్మ ఒకటే అడిగింది: "ఆడొస్తన్నాడా?"

"వస్తన్నాడమ్మా."

"అయితే ఎల్లు."

బ్యాంకాక్ హోటల్ హాల్లో ముప్పై రెండు మంది, పదహారు బల్లలు. ఒకే రోజులో ఆరు ఆటలు. ఒక్కో ఆట అయ్యాక, సమానంగా గెలిచినవాళ్ళని చూసి జతలు వేస్తారు. చివర్లో మొదటి నలుగురు ఫైనల్సుకి. మాణిక్యాలరావు పట్టు చొక్కా వేసుకుని అందరికీ షేక్‌హ్యాండ్లు ఇస్తున్నాడు. సత్యం మీసం తీసేసి కళ్ళజోడు పెట్టాడు. దూరంగా ఉండిపోయాడు.

నాలుగు ఆటలు వరసగా గెలిచాడు సత్యం. మాణిక్యాలరావు మూడు గెలిచి ఒకటి ఓడాడు. ఐదో ఆటలో సత్యం ఎదుట కొరియా అమ్మాయి. ఆట అతని చేతిలో ఉంది. మరొక్క కార్డు వేస్తే గెలుపు, గెలిస్తే ఫైనల్సు ఖాయం. వెనక బల్ల నుంచి మాణిక్యాలరావు నవ్వు వినిపించింది. ఆయన ఆట గెలిచి లేచాడు.

సత్యం లెక్క వేసుకున్నాడు. తను గెలిస్తే పైన ఒంటరిగా ఉంటాడు, చివరి ఆటకి ఎవరిని తెచ్చి కూర్చోబెడతారో తెలియదు. ఓడితే మాణిక్యాలరావుతో సమానం. ఆ సమానం దగ్గర ఉండేది కొద్దిమందే, వాళ్ళలో ఇద్దరితో తను ఇదివరకే ఆడేశాడు, ఆడినవాళ్ళని మళ్ళీ కలపరు. చేతిలో కార్డులు బోర్లా పెట్టేశాడు.

"మీరే గెలిచారు" అన్నాడు.

ఆ అమ్మాయి అతని కార్డులు తిప్పి చూసి, అర్థంకాక అతని మొహంలోకి చూసింది. సత్యం అప్పటికే లేచి గోడ మీద అంటించే జతల జాబితా కోసం నడుస్తున్నాడు. రెండేళ్ళ కష్టాన్ని అలా బల్ల మీద వదిలేసినందుకు తర్వాతెప్పుడూ అతను బాధపడలేదు.

జాబితా అంటించారు. నాలుగో బల్ల. మాణిక్యాలరావు, సత్యం.

ఆయన కూర్చుని, తలెత్తి, ఒక్క క్షణం ఆగి, పెద్దగా నవ్వేశాడు. "ఓరి నువ్వా! సత్యం! ఎంతకాలమైందయ్యా! బాగున్నావా?"

"ఆయ్, మీ దయవల్ల బాగున్నానండి."

"పాత సంగతులు మనసులో పెట్టుకోలేదు కదా? నేను గనక లేకపోతే నీకు జైలే అయ్యేది."

"కట్ట ఇటివ్వండి, కోస్తాను" అన్నాడు సత్యం.

అరవై కార్డుల కట్ట చేతిలోకి వచ్చింది. రెండు వేళ్ళు అంచు వెంట జార్చాడు. ఫ్యాక్టరీలో ఏ కార్డయినా బొమ్మ పైకి పెట్టే కోస్తారు, గరుకు ఎప్పుడూ వెనక వైపుంటుంది. యాభై ఆరు కార్డులకి అలాగే ఉంది. నాలుగింటికి గరుకు బొమ్మ వైపుంది. ఎవరో ఇంట్లో, బోర్లా పెట్టి కోసినవి. అవి ఏ కార్డులో తిప్పి చూడకుండానే తెలిసిపోయిందని సత్యం తర్వాత నాతో చెప్పాడు.

అప్పుడే చెయ్యెత్తలేదు. కట్టలో కార్డు చూసే హక్కు లేదు. బల్ల మీద వేసిన కార్డుని తీసి చదివే హక్కుంది. ఆట మొదలైంది. ఐదో వంతులో మొదటి నీలి రాజు దిగాడు. సత్యం తీసుకుని చదువుతున్నట్టు వంచి చూశాడు. దుప్పటి కుడి అంచున వెంట్రుకంత తెల్లగీత. తిరిగి పెట్టేశాడు. ఒక్కటైతే ఎక్కడో కొన్నానంటాడు. రెండోది కూడా రానిచ్చాడు. దాని కోసం తన కోటలు రెండు పడగొట్టనిచ్చాడు. రెండో రాజు దిగాడు. అదే గీత. అప్పుడు చెయ్యెత్తి రిఫరీని పిలిచాడు.

రిఫరీ వెంట కంపెనీ తరఫున వచ్చిన ఒక పెద్దావిడ కూడా వచ్చింది. సత్యం ఇంగ్లీషులో, తొందరపడకుండా చెప్పాడు. ఈ కార్డులు 1998 మార్చి లాటువి. ఆ లాటు బయటికి రాలేదు, ముక్కలు చేసేశారు. ఈ గీత ఆ లాటుకి తప్ప ఇంకెక్కడా ఉండదు. కావాలంటే అంచు చూడండి, ఫ్యాక్టరీ కోత కాదు.

మాణిక్యాలరావు మొహంలో నవ్వు అలాగే ఉంచుకుని, తెలుగులో గొంతు తగ్గించాడు. "సత్యం, నలుగురిలో వద్దు. నీకేం కావాలో బయటికొచ్చి అడుగు. పెద్దవాణ్ణి, ఇక్కడితో వదిలెయ్."

రిఫరీ ఆయన ఏమంటున్నాడని అడిగాడు. సత్యానికి అప్పుడు తోచింది: తను ఏం చెబితే అదే ఈ గదిలో నిజం. 'ఒప్పుకుంటున్నాడు' అంటే చాలు. నాలుక చివరిదాకా వచ్చిందది. కానీ మాణిక్యాలరావు అన్నమాటే, అక్షరం పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పాడు. అదే ఎక్కువ దెబ్బ కొట్టింది.

అప్పుడు మాణిక్యాలరావు లేచి ఇంగ్లీషులో అరిచాడు. "వీడు దొంగ! ఆ షీట్లు దొంగిలించింది వీడే! అందుకే ఇన్ని గుర్తులు తెలుసు! ఇవి వీడు అమ్మినవే, ఎవరి చేతులో మారి నా దగ్గరికి వచ్చాయి!"

హాలంతా తిరిగి చూసింది. సత్యం సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి కంపెనీ ఆవిడ ముందు పెట్టాడు.

"ఆరేళ్ళ క్రితం ఈయన నాచేత సంతకం పెట్టించిన కాగితమండి. ఆ మూడు షీట్లూ కాలిపోయాయని, బూడిద కళ్ళారా చూశానని సాక్షి సంతకం పెట్టాడు. కాలిపోయినవి ఈయన కట్టలోకి ఎలా వచ్చాయో అడగండి."

ఆవిడ రెండుసార్లు చదివింది. మాణిక్యాలరావు పెట్టె తెరిపిస్తే మరో పదకొండు నీలి రాజులు దొరికాయి. జోహోరుకి ఫోను చేసి రిజిస్టరు పేజీ ఫ్యాక్సులో తెప్పించారు. 'మూడు షీట్లు కాలిపోగా మిగిలిన లాటు మొత్తం ముక్కలు చేయడమైనది' అన్న వాక్యం కింద అదే సంతకం. ఆయన్ని పోటీ నుంచి తీసేశారు. పట్టు చొక్కా చంకల్లో చెమటకి నల్లబడింది. వెళ్ళేటప్పుడు సత్యం వంక చూస్తాడేమోనని సత్యం తలుపు దాకా కళ్ళప్పగించి నిలబడ్డాడు. ఆయన చూడలేదు.

చివరి ఆట సత్యం గెలిచినట్టు రాశారు. ఫైనల్సుకి చేరి మొదటి ఆటలోనే ఓడిపోయాడు. ఎవరి చేతిలో ఓడాడో అతనికిప్పుడు గుర్తులేదు.

ఎనిమిది నెలలకి ఫ్యాక్టరీ నుంచి ఉత్తరం వచ్చింది. సత్యం నిర్దోషి అని, జరిగినదానికి విచారిస్తున్నామని. కౌలాలంపూరులో దుకాణం మూతపడిందని, మాణిక్యాలరావు మీద అక్కడ కేసు నడుస్తోందని అప్పటికే తెలిసింది. మరొకరైతే అక్కడితో ఆగేవారు. సత్యం సెలవు పెట్టి ఇంటికి వచ్చి, ఉత్తరాన్ని తెలుగు చేయించి, అమ్మిరాజుగారి ప్రెస్సులో రెండు వందల కాపీలు వేయించాడు. కటింగ్ తనే చేశాడు.

"ఎందుకయ్యా ఇన్ని? మీ ఊరికి ఇరవై చాలు" అన్నాడు అమ్మిరాజుగారు.

"మా ఊరికి కాదండి. కొత్తపేటకి."

బుల్లెమ్మ కూడా బయల్దేరింది. అంచున్న చీర కట్టుకుని, కొడుకు పక్కన బస్సులో కూర్చుని, కొత్తపేటలో దిగింది. ఇంటింటికీ తిరిగారు. తలుపు తీసినవాళ్ళకి నమస్కారం పెట్టి, "ఓసారి చదువుకోండమ్మా, మీ ఊరాయన సంగతే" అని చెప్పి కాగితం ఇచ్చేది. చివరికి మాణిక్యాలరావు ఇంటికి వెళ్ళారు. ఆయన భార్య కనకరత్నం తలుపు తీసింది. చిక్కిపోయి ఉంది. అక్కడే నిలబడి కాగితం మొత్తం చదివింది. చదవడం అయ్యాక కాగితం మడిచి, "ఎండనపడి వచ్చేరు, మంచినీళ్ళు తాగుతారా అండీ?" అంది.

సత్యం చూపు నేలకి దిగింది. అంత సేపట్లో అతనికి జంకు కలిగింది అక్కడే. బుల్లెమ్మకి కలగలేదు. గ్లాసు అందుకుని నీళ్ళు పూర్తిగా తాగి, తిరిగిచ్చి, "చల్లగా ఉన్నాయమ్మా. ఆ కాయితం చింపకు. మీ ఆయనొచ్చేక చూపించు. నేను అన్నం పెట్టిన ఇళ్ళలోనే నన్ను సరుకుల గది గుమ్మం బయట నిలబెట్టేరు ఆయన మూలాన" అంది. కనకరత్నం తల వంచుకుంది. వాళ్ళు పక్కింటికి వెళ్ళారు.

తర్వాత రెండేళ్ళకి సత్యం షార్జా వదిలి వచ్చేశాడు. అమలాపురంలో సొంతంగా ఒక కటింగ్ మిషను పెట్టుకున్నాడు. పెళ్ళి చేసుకున్నాడు. మాణిక్యాలరావు కూడా తిరిగొచ్చాడని, ఊళ్ళో ఎక్కువగా తిరగడని వినేవాడు. 2008లో ఒకరోజు రావులపాలెం వెళ్ళే బస్సులో ముందు సీట్లో ఆయన కనిపించాడు. రంగు వేయని జుట్టు, చేతిలో మందుల సంచి. బస్సు నిండా జనం.

సత్యం లేచి, అందరికీ వినపడేలా, ఎంతో మర్యాదగా పలకరించాడు. "నమస్కారమండీ మాణిక్యాలరావుగారూ! మలేషియా నుంచి ఎప్పుడొచ్చేరు? కార్డుల వ్యాపారం ఎలా ఉందండీ?"

పేరు వినగానే నాలుగైదు తలలు ఇటు తిరిగాయి. ఎవరో పక్కవాళ్ళ చెవిలో ఏదో చెప్పారు. మాణిక్యాలరావు మందుల సంచి పట్టుకుని లేచాడు. కొత్తపేట ఇంకా రాలేదు, పలివెలలోనే దిగిపోయాడు. ఆయన ఎండలో రోడ్డు పక్కన నిలబడి ఇంకో బస్సు కోసం చూస్తుంటే, సత్యం ఖాళీ అయిన ఆ సీట్లోకి మారి కిటికీ పక్కన కూర్చున్నాడు.

ఇదంతా చెప్పినప్పుడు, ముసలాయన కదా, పాపమనిపించలేదా అని అడిగాను.

"లేదండి" అన్నాడు సత్యం. "మళ్ళీ కనపడినా పలకరిస్తాను."